స్క్రిప్టు మీద పేరు తీసేసి చదవండి

(తిరుపతి, చిత్తూరు జిల్లాల నాటక పరిషత్తుల నిర్వాహకులకు, స్క్రిప్టుల పరిశీలకులకు, న్యాయనిర్ణేతలకు, నాటక సమాజాల దర్శకులకు బహిరంగ లేఖ)

పెద్దలందరికీ నమస్కారం.

మీలో చాలామంది నన్ను ఎరుగుదురు. జ్యోతి ప్రజ్వలన వేళకు అగ్గిపెట్టె కనపడకపోతే ఎక్కడినుంచో వెతికి తెచ్చిచ్చే ఆమెను నేనే. శాలువాల పళ్లెం పట్టుకుని వేదికకు ఎడమ పక్కన నిలబడేదీ నేనే. ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. నాటికలు రాస్తాను. ఈ చివరి సంగతి మీలో సగంమందికి తెలియదు, తెలిసినవాళ్లకు గుర్తుండదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఫోన్ సంగతి చెప్పేస్తాను, లోపల పెట్టుకుంటే అరగదు.

కొన్నేళ్ల కిందట ఒక పరిషత్తు నాటికల రచన పోటీ పెట్టింది. ఏ పరిషత్తో చెప్పను, నా తగువు వాళ్లొక్కరితో కాదు. అంతకు ముందు రెండుసార్లు రెండు చోట్లకు పంపిన నాటికనే మూడోసారి అక్కడికి పంపాను. మొదటిచోట నుంచి జవాబే లేదు. రెండోచోట నుంచి కవరులో చీటీ పెట్టి వెనక్కి పంపారు: ‘ఇతివృత్తం బాగుంది. మహిళా సమస్య కనుక మహిళా దినోత్సవానికి అనుకూలంగా ఉంటుంది.’ మూడోసారి నేను చేసిన మార్పు ఒక్కటే. పూర్తి పేరు రాయకుండా ఇంటిపేరు, రెండు పొడి అక్షరాలు పెట్టాను. కథ మార్చలేదు, ఒక్క డైలాగు ముట్టుకోలేదు. మూడు వారాలకు ఫోను వచ్చింది.

‘సార్ ఉండారామ్మా?’

‘ఏ సార్?’

‘అదే, నాటిక రాసి పంపించినారే, ఆ సార్. సెలెక్టయింది, చెప్దామని.’

‘రాసింది నేనేనండీ.’

అవతల కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత మెల్లగా, ‘అట్లనా... సరేలేమ్మా, సార్ ఇంటికొచ్చినాక ఒకసారి మాట్లాడమను.’

మా ఆయన పోయి అప్పటికి ఆరేళ్లు.

నాటిక ఆడారు, బాగా ఆడారు, ఆ సమాజానికి నా కృతజ్ఞతలు. మైకులో మాత్రం నా పేరుకు ముందు ‘శ్రీ’ తగిలించి చదివారు. ఆఖర్న న్యాయనిర్ణేతల్లో ఒక పెద్దాయన లేచి, ‘ఆడవాళ్ల మనసు ఇంత లోతుగా తెలిసిన రచయితలు మనకు అరుదు, ఆయన ఈ సభకు వచ్చి ఉంటే కాళ్లకు నమస్కారం పెట్టేవాణ్ణి’ అన్నారు. నేను ఆయనకు రెండు గజాల దూరంలో శాలువాల పళ్లెంతో నిలబడి ఉన్నాను. నిర్వాహకుడు నా వైపు చూశాడు, మళ్లీ మైకు వైపు తిరిగాడు. ఆ పెద్దాయన నమస్కారం నాకు రావలసిన బాకీగా అలాగే ఉండిపోయింది. (పెద్దాయనా, ఇది మీ కంట పడితే నొచ్చుకోకండి. మీరు మెచ్చుకున్న మాట నిజమేనని నాకు తెలుసు. అందుకే గుర్తుపెట్టుకున్నాను.)

ఇదేదో మన ఊరి వింత అనుకునేదాన్ని. కాదట. 2009లో అమెరికాలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న ఎమిలీ శాండ్స్ అనే అమ్మాయి ఒక పరీక్ష పెట్టింది. అవే నాటకాల పేజీలను దేశంలోని నాటక సంస్థలకు పంపింది. కొన్ని ప్రతుల మీద రచయితగా మగ పేరు, కొన్నింటి మీద ఆడ పేరు. లోపల అక్షరం తేడా లేదు. ఆడ పేరున్న ప్రతులకు తక్కువ మార్కులు పడ్డాయి. ఇందులో నన్ను ఆలోచనలో పడేసిన సంగతి ఇంకొకటుంది. ఆ తక్కువ మార్కులు వేసింది ఎక్కువగా ఆడవాళ్లే. వాళ్లకు ఆ రచన నచ్చక కాదని నా ఊహ. ‘ఆడ పేరుతో వస్తే ఇది ఆడదు, మనవాళ్లు ఒప్పుకోరు’ అని ముందే లెక్కవేసుకుని ఉంటారు. అత్తగారి కోపం అత్తగారికన్నా ముందు కోడలికి తెలిసినట్టు.

అందుకే ‘మా కమిటీలో ఒక మహిళను వేసుకుంటాం, సరేనా?’ అని మీరంటే నేను చప్పట్లు కొట్టి కూర్చోను. వేసుకోండి, తప్పకుండా వేసుకోండి, ఒకరు కాదు సగం మందిని వేసుకోండి. కానీ స్క్రిప్టు మీద పేరు కనిపిస్తున్నంతకాలం చదివే కన్ను ఎవరిదైనా ఒకటే. పదో తరగతి పరీక్ష పేపరుకు మనం ఏం చేస్తాం? నంబరు వేసి, పేరున్న ముక్క చించి దిద్దడానికి పంపుతాం. పదిహేనేళ్ల పిల్లలకు చేస్తున్న న్యాయం నాటిక రాసేవాళ్లకు చేయలేమా?

‘అసలు రాసే ఆడవాళ్లు ఏరమ్మా? పంపితే కదా వేసేది’ అన్నది మీరు ఎప్పుడూ అనే రెండో మాట. దీనికి జవాబు చెప్పాలంటే కొండెక్కాలి.

తిరుమలలో తరిగొండ వెంగమాంబ పేరు తెలియనివాళ్లు లేరు. ఆమె పేరున్న అన్నప్రసాద భవనంలో బంతిన కూర్చుని తినివచ్చినవాళ్లమే మనమంతా. రాత్రి ఏకాంత సేవలో ఆమె ముత్యాల హారతి ఇవ్వందే స్వామి నిద్రకు పోడు. తరిగొండ మొన్నమొన్నటిదాకా చిత్తూరు జిల్లా ఊరే. చిన్నతనంలోనే భర్త పోతే జుట్టు తీయించుకోనని తెగేసి చెప్పిన మనిషి. 1817లో కన్నుమూసే నాటికి ఆమె రాసినవాటిలో శివ నాటకం ఉంది, బాలకృష్ణ నాటకం ఉంది, రుక్మిణీ నాటకం ఉంది, గోపీ నాటకం, చెంచు నాటకం ఉన్నాయి. పేర్లలోనే నాటకం అని ఉంది, ఇంకెట్లా చెప్పాలి? అవి యక్షగానాలు కదా, నాటకాలెట్లా అవుతాయి అంటారా? పద్యనాటకానికి వేరే బహుమతులు పెట్టుకున్న మనకు పాటతో, దరువుతో నడిచే యక్షగానం నాటకం కాకుండా పోతుందా?

కందుకూరి వీరేశలింగం తన విద్యార్థుల చేత నాటకం ఆడించిన 1880వ సంవత్సరం నుంచి మనం ఆధునిక తెలుగు నాటకం లెక్క పెట్టుకుంటాం. ఆయన పుట్టిన ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినంగా చేసుకుంటాం. చేసుకోవలసిందే. కానీ ఆయనకు చాలా ముందే మన పక్క ఊరి ఆడమనిషి ఇన్ని నాటకాలు రాసిపెడితే, ఆ రోజు వేదిక మీద ఆమె పటం ఎందుకుండదు? వెంగమాంబ వేషం వేసినవాళ్లను నేను చూశాను. వెంగమాంబ రాసిన మాటలు మన పరిషత్తు వేదిక మీద పలికినవాళ్లను మాత్రం ఇంతవరకు చూడలేదు. ఆమె పేరుతో అన్నం తింటున్నాం, హారతి కళ్లకద్దుకుంటున్నాం. భక్తురాలిగా అంత ఎత్తున కూర్చోబెట్టాక రచయిత్రిగా కిందికి దించి చదవడం కష్టమేనేమో.

ఆమెకన్నా ముందు తంజావూరులో విజయరాఘవ నాయకుడి కొలువులో రంగాజమ్మ ‘మన్నారుదాస విలాసం’ రాసింది. మన రోజుల్లో, పక్కనే కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే ఎం.ఎం. వినోదిని ‘దాహం’ రాశారు. దళిత వాడలో మంచినీళ్ల మీద నాటకం అది. చదివిన రాత్రి నాకు నీళ్లు గొంతు దిగలేదు. పొరుగున కేరళలో 1948లోనే నంబూద్రి ఇళ్ల ఆడవాళ్లు కలిసి తమ బతుకు మీద తామే నాటకం రాసుకుని, మగ పాత్రలతో సహా అన్నీ తామే వేశారు. ఇక ‘దొరకడం లేదు’ అన్న మాట అమెరికా నాటక సంస్థలు కూడా అంటుంటే, 2014లో లాస్ ఏంజెలిస్‌లో కిల్‌రాయ్స్ అనే బృందం ఆడవాళ్లు రాసిన నాటకాల జాబితా ఒకటి తయారుచేసి ఊరందరి ముందూ పెట్టింది. ఇప్పుడు వెతుక్కోండి అని. ఆ మరుసటి ఏడు అక్కడి రచయితల సంఘాలు లెక్క తీస్తే ఆడిన నాటకాల్లో ఆడవాళ్లవి 22 శాతమేనని తేలింది. మన దగ్గర ఆ లెక్క తీసినవాళ్లు నాకు కనపడలేదు. నా ట్రంకుపెట్టెలో దాచుకున్న పరిషత్తు కరపత్రాలు మొన్న తిరగేశాను. ‘రచన’ అన్న మాట పక్కన ఆడ పేరు ఒక్కచోట కనపడింది. అదీ నాదే, ‘శ్రీ’తో.

సరే, తిరిగొచ్చిన నాటిక దేని గురించో చెప్పలేదు కదూ. చెబుతాను. ‘మహిళా సమస్య’ అంటే ఏమిటో అప్పుడు మీకే తెలుస్తుంది.

మేలో మన తిరుపతిలో గంగజాతర. తాతయ్యగుంట గంగమ్మ కథ మీకు నేను చెప్పాలా? పాలెగాడు ఊళ్లో ఆడపిల్లలను వదలడు. గంగమ్మ చెయ్యి పట్టుకోబోయాడు, ఆమె ఉగ్రరూపం చూసి పారిపోయి దాక్కున్నాడు. ఆమె రోజుకొక వేషం కట్టి వాణ్ణి వెతికింది, బైరాగిగా, బండగా, తోటిగా. వాడు బయటికి రాలేదు. దొర వేషంలో వస్తే, దొరే వచ్చాడనుకుని ఎదురొచ్చాడు. తల తీసేసింది. మన ఊళ్లో ఆ వేషాలు కట్టేది మగవాళ్లు. మొక్కుకున్న మగపిల్లలు చీర కట్టి, జడ వేసి, పూలు పెట్టుకుని వీధుల్లో తిరుగుతారు. మగవాడు అమ్మవారి వేషం కడితే, ఆ అమ్మవారు మళ్లీ మగ దొర వేషం కడుతుంది. ఇంతకన్నా నాటకీయత ఏ దేశపు రంగస్థలం మీద ఉంటుంది చెప్పండి. నాకు ఈ జాతరంటే ప్రాణం, దాని మీద నాకు ఫిర్యాదేమీ లేదు.

అయితే దొర వేషం అయ్యాక మాతంగి వేషం వస్తుంది. మా అమ్మ చెప్పే కథలో, గంగమ్మ మాతంగిగా వెళ్లి పాలెగాడి పెళ్లాన్ని ఓదారుస్తుంది. చిన్నప్పుడు ఈ మాట విన్నప్పుడల్లా ‘ఏమని ఓదార్చింది?’ అని అడిగేదాన్ని. అమ్మ దగ్గర జవాబు ఉండేది కాదు. మీరే ఆలోచించండి. మొగుణ్ణి చంపిన మనిషి ఆ ఇంటి గడప ముందు నిలబడి ఉంది. లోపల తాళి తెగిన ఆడమనిషి. ఆమెకు మొగుడి సంగతి తెలుసు, ఊరందరికన్నా ముందు తెలుసు. ఆమె ఏడ్చిందా, తలుపేసుకుందా? ‘మంచి పని చేశావు తల్లీ, నువ్వు నిన్న వచ్చి ఉంటే ఇంకా బాగుండేది’ అందా? ‘రేపటినుంచి నాకు అన్నం ఎవరు పెడతారు, నువ్వు పెడతావా?’ అని నిలదీసిందా? నా నాటిక అదే. ఇద్దరాడవాళ్లు, ఒక గడప, వెనక డప్పు. పాలెగాడు తెర లేవకముందే చచ్చిపోయి ఉంటాడు.

దీన్ని మహిళా దినోత్సవానికి అనుకూలం అన్నారు. 1892లో విజయనగరంలో ఆడిన ‘కన్యాశుల్కం’ దేని గురించి? ముక్కుపచ్చలారని ఆడపిల్లను ముసలాడికి డబ్బుకు కట్టబెట్టడం గురించి. దాన్ని మహిళా సమస్య నాటకం అని ఎవరూ అనలేదు, సాంఘిక నాటకం అన్నారు. గురజాడవారు రాస్తే సంఘం, నేను రాస్తే మహిళ!

ఇక వేషాల మాట. మా ఊరు పాకాల వైపు. ధర్మరాజుల గుడి దగ్గర భారతం పెట్టినప్పుడు మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధి నాటకం. ద్రౌపది వేషం మగాయనదే. సాయంత్రం మా ఇంటికి వచ్చి, ‘అక్కా, మంచి చీర ఏమన్నా ఉంటే ఇయ్యి, ఈ పొద్దు వస్త్రాపహరణం’ అని అడిగేవాడు. అమ్మ పెట్టెలోంచి పెళ్లి పట్టుచీర తీసి ఇచ్చేది. రాత్రంతా ఆ చీరకు ఏమవుతుందోనని మాకు గుండె దడ. దుర్యోధన వధ నాడు మట్టితో పోసిన అంత పెద్ద బొమ్మ పడ్డాక ద్రౌపది జుట్టు ముడి వేసుకుంటుంటే మా అవ్వ వెక్కి వెక్కి ఏడ్చేది. వేషం కట్టిన ఆయన గడ్డం పొద్దుటి ఎండలో నల్లగా కనపడుతున్నా ఏడ్చేది. అది ఆయన గొప్పతనం. స్థానం నరసింహారావుగారి సత్యభామను చూడలేకపోయానన్న దిగులు నాకింకా ఉంది. ఆడవేషం కట్టిన మగవాళ్ల మీద నాకు ఏ కోపమూ లేదు. కానీ రాయలసీమ మనిషే అయిన నటుడు బళ్లారి రాఘవ, ఆడపాత్ర ఆడవాళ్లే వెయ్యాలని ఆ రోజుల్లోనే పట్టుబట్టి, చదువుకున్న ఇళ్ల స్త్రీలను రంగస్థలం మీదికి తెచ్చాడు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో మొదలైన నాటక కుటుంబాల్లో తల్లీ కూతురూ కోడలూ అందరూ వేషాలు కట్టారు. మన సీమ వెనకబడింది అనే మాట ఈ ఒక్క విషయంలో చెల్లదు. వేషం దాకా ముందే వచ్చాం. కలం దగ్గరే ఆగిపోయాం.

వేషం దగ్గర కూడా ఇప్పుడు వెనక్కి పోతున్నామేమోనని నా అనుమానం. మన పరిషత్తు భాషలో ‘లేడీ ఆర్టిస్టు’ అనే మాట ఉంది. ‘జెంట్స్ ఆర్టిస్టు’ అనే మాట నేను వినలేదు. ఆమెకు పారితోషికం, దారిఖర్చు, తోడు వచ్చిన తమ్ముడికో అమ్మకో భోజనం. సమాజానికి అది బరువే, నేను కాదనను. మీ జేబుల్లోంచి పెట్టుకుని నాటకం ఆడుతున్నవాళ్లు మీరు. కానీ ఆ ఖర్చు తప్పించుకోవడానికి నాటికల్లో ఆడపాత్రలను ఏం చేస్తున్నామో చూడండి. భార్య ఎప్పుడూ వంటింట్లోనే ఉంటుంది, వింగులోంచి ఒక గొంతు ‘ఏమండీ, కాఫీ’ అంటుంది. కూతురు ఫోన్లో ఉంటుంది. తల్లి గోడ మీద దండేసిన పటంలో ఉంటుంది. ఒక రాత్రి వరసగా మూడు నాటికల్లో తల్లి పటంలోనే ఉంది, పటం కూడా అదే. దండ మార్చారు.

ఒక మాట నా సాటి రచయితలకు కూడా: నలుగురు ఆడవాళ్లున్న స్క్రిప్టు రాస్తే సమాజాలు ముట్టుకోవని మీలో కొందరు నాతో చెప్పారు. నిజమే. అందుకే ఈ పని రచయితలు ఒక్కరే చేయలేరు. పరిషత్తు ప్రదర్శన పారితోషికంలో దూరాన్ని బట్టి ఎట్లా తేడా చూపుతుందో, నటీమణుల సంఖ్యను బట్టి కూడా కొంత కలిపి ఇస్తే దర్శకుడు ఆడపాత్రను పటంలోకి పంపే ముందు ఒకసారి ఆగుతాడు. గ్రీన్ రూముకు లోపలి గడియ ఉండాలి. ఇది కూడా బహిరంగ లేఖలో రాయాలా అంటే, రాయాలి. రిహార్సల్స్ రాత్రి తొమ్మిదికి మొదలైతే శ్రీకాళహస్తి నుంచో చంద్రగిరి నుంచో వచ్చే అమ్మాయి ఏ బస్సుకు పోవాలి? ఆదివారం పగలు పెట్టుకుంటే ఏం?

ఇక్కడ ఒక సంగతి గుర్తొస్తోంది, దారి తప్పినా చెప్పేస్తాను. 2022 జనవరిలో ప్రభుత్వం ‘చింతామణి’ నాటకాన్ని నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందని ఒక సామాజిక వర్గం అడిగితే విన్నది. నిషేధాలంటే నాకు ఇష్టం లేదు, అది వేరే పంచాయితీ. కాళ్లకూరి నారాయణరావుగారు సంస్కరణ కోసం రాసిన నాటకంలో తర్వాతివాళ్లు తిరునాళ్లలో ఎన్ని పచ్చి మాటలు అతికించారో మనందరికీ తెలుసు. ఆ మాటలన్నీ చింతామణి మీద, ఆమె ఇంటి ఆడవాళ్ల మీద. అవి విని మేం నొచ్చుకుంటే, ‘జనం అడుగుతా ఉండారమ్మా’ అన్నారు. మేం జనంలో లెక్క కాదు కాబోలు.

ఇప్పుడు నేను అడిగేది. వచ్చే సీజనుకు స్క్రిప్టులు పిలిచేటప్పుడు రచయిత పేరు స్క్రిప్టు మీద రాయొద్దని ప్రకటించండి. పేరు, చిరునామా విడి కాగితం మీద రాసి వేరే కవరులో పెట్టమనండి. కార్యదర్శి రెంటికీ ఒకే నంబరు వేసి, పేర్ల కవర్లు బీరువాలో పెట్టి తాళం వేస్తే చాలు. ఎంపిక అయ్యాకే తెరవండి. సమాజాలు ప్రదర్శనకు దరఖాస్తు చేసినప్పుడు జతచేసే ప్రతికి కూడా అదే పద్ధతి. దీనికి రూపాయి ఖర్చు లేదు, ఒక కట్ట కవర్లు తప్ప. ఆ కవర్లు నేను కొనిస్తాను.

ఎంపిక చేశాక ఎన్ని స్క్రిప్టులు వచ్చాయి, అందులో ఆడవాళ్లవి ఎన్ని, వేదికెక్కినవి ఎన్ని అన్నది కరపత్రం వెనక అట్ట మీద వేయండి. లెక్క మాకు అనుకూలంగా రాకపోయినా సరే. పేర్లు దాచి చదివాక కూడా మా నాటికలు వెనకబడితే, అప్పుడు నేను ఉత్తరం రాయను, కూర్చుని ఇంకో నాటిక రాస్తాను.

మహిళా దినోత్సవానికి వేరేగా పిలవకండి. ఆ ఒక్కరోజు మా నాటికను ఉదయం పదకొండుకు ఖాళీ కుర్చీల ముందు ఆడించి, సాయంత్రం మామూలు పరిషత్తు నడపడం మాకు గౌరవం కాదు. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం 1983 నుంచి మన ఊళ్లోనే ఉంది. ఆ పిల్లలను స్వాగత నృత్యానికి పిలుస్తున్నాం, సంతోషం. ఒక్క ఏడాది నాటకం రాయడం నేర్పే పదిరోజుల తరగతికి పిలవండి. పాఠం చెప్పడానికి నేను వస్తాను, ఆటో చార్జీ కూడా అడగను. ఆ పదిరోజుల్లో వెంగమాంబ చెంచు నాటకం ఒకటి వాళ్లతో చదివించి, నాటకరంగ దినం నాడు మహతి ఆడిటోరియంలో ఆడించగలిగితే నా పక్కన శాలువాల పళ్లెం పట్టుకోవడానికి ఇంకెవరినైనా చూసుకోండి. ఆ పూట నేను ముందు వరసలో కూర్చుంటాను.

ఈ ఉత్తరానికి పోస్టులో జవాబు అక్కర్లేదు. ఫోను అసలే వద్దు. వచ్చే దరఖాస్తు ఫారంలో ‘రచయిత పేరు’ అన్న గడి స్క్రిప్టు కాగితం మీద నుంచి విడి కాగితం మీదికి మారిందో లేదో చూసుకుంటాను.

ఇట్లు,
మీ పరిషత్తులకు పాత ప్రేక్షకురాలు,
తిరుపతి